గుడ్డలో మడిచిన ఖుషీ

పద్మారావు నగర్‌లోని మా నర్సింగ్ హోమ్‌లో పుట్టిన పిల్లల్లో సగానికి పైగా మొదట జనానికి చూపించింది బాలమ్మ. ఇరవై రెండేళ్లు అదే పని. ఆమె ఆయా. నేను 1998లో అక్కడ బిల్లు కౌంటర్లో కూర్చునేవాణ్ణి. బీకాం రెండో ఏడు మధ్యలో వదిలేశాను. పెద్ద కారణమేమీ లేదు, క్లాసులో కూర్చోలేకపోయాను. మరి కౌంటర్లో ఎలా కూర్చున్నావంటే, అక్కడ జీతమిచ్చేవారు.

కాన్పు గదికీ వరండాకీ మధ్య ఒక పచ్చ పరదా ఉండేది. ఇవతల బెంచీల మీద అత్తలు, అమ్మలు, మామలు, గోళ్లు కొరుక్కునే మొగుళ్లు. పరదా కదిలితే అందరూ ఒక్కసారి లేచేవారు. బాలమ్మ పొట్టిది, నల్లటిది, పళ్లు కొంచెం ఎత్తు. రెండు చేతుల మధ్య తెల్లటి మూట పట్టుకుని వచ్చి పరదాకి వీపు ఆనించి నిలబడేది. మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"తల్లి మంచిగుంది."

"అది సరేనమ్మా, ఏం పుట్టింది?"

"చెప్త. తల్లి మంచిగుందని చెప్పిన. ఇన్నవా?"

అవతలి మనిషి తల ఊపేదాకా గుడ్డ అంచు తీసేది కాదు. తల ఊపాక తీసి, ఆడో మగో చెప్పేది. అప్పుడు పైసలు. పసిబిడ్డను ఉత్త చేతులతో చూడకూడదంటారు కదా, పెద్దవాళ్లెవరో ఒకరు నోటు తీసి బిడ్డ గుడ్డలో దోపేవారు. లేకపోతే బాలమ్మ చేతిలో పెట్టేవారు. దానికి మా దగ్గర ఖుషీ అని పేరు.

బాలమ్మ దేవత అని చెప్పడానికి నేనిది రాయడం లేదు. ఆమె బేరమాడేది. గట్టిగా ఆడేది.

"యాభయ్యా? మగపిలగాడు పుట్టిండు సేటూ. నీ పెండ్లిల బ్యాండోళ్లకు ఎంతిచ్చినవ్?"

ఆడపిల్ల పుడితే పది రూపాయలు దోపి మొహం తిప్పుకునేవాళ్లుండేవారు. వాళ్లను అసలు వదిలేది కాదు. "పది రూపాల బిడ్డనా గిది? ముక్కు జూడున్రి. అవ్వా, నీ ముక్కే. నీకు సుత పదేనా?" అని ముసలామె మీదికి మూట జరిపేది. ముసలామె నవ్వలేక నవ్వి కొంగు ముడి విప్పేది.

కానీ ఆ డబ్బు బాలమ్మ నడుముకి చేరేది కాదు. వెనక బట్టలుతికే రేకుల షెడ్డులో, సర్ఫు పొడి బస్తాల పైన ఒక పాలపొడి డబ్బా ఉండేది. ఖుషీ అందులో పడేది. శనివారం మధ్యాహ్నం టీ తాగాక నలుగురు షెడ్డులో కూర్చుని సమానంగా పంచుకునేవారు. బాలమ్మ ఒకరు. రెండో ఆయా సువార్త ఒకరు. ఊడ్చి తుడిచే రాములు ఒకడు. నాలుగోది కమలాబాయి, కాన్పు గదిలోంచి వచ్చే నెత్తుటి బట్టలుతికేది. బాలమ్మకెంతో కమలాబాయికీ అంతే. జీతం నెలకు పదకొండు వందలైతే, ఖుషీ కలిస్తే రెండింతలయ్యేది.

ఈ పద్ధతి బాలమ్మ పెట్టిందే. ఆమె పనిలో చేరిన కొత్తలో ఎవరు బిడ్డను బయటికి తెస్తే వాళ్లదే ఖుషీ. మగపిల్లవాడు పుడితే ఆయాలు పోటీపడేవారు. ఒకసారి ఇద్దరు ఆయాలు ఒకే మూటను చెరో పక్కా పట్టుకుని గుంజుకున్నారట. బిడ్డ జారి బాలమ్మ ఒళ్లో పడింది. మర్నాడే ఆమె పాలపొడి డబ్బా తెచ్చి పెట్టింది. "ఆడపిల్లదైనా మగపిలగానిదైనా డబ్బల పడ్డంక పైసా ఒక్కటే" అందట. మరి ఉతికేదానికెందుకు అని మిగతా ఆయాలు కొట్లాడితే, "నువ్వు బిడ్డను చూపిస్తవ్, గామె నెత్తురు జూస్తది. మార్చుకుంటవా?" అని అడిగిందట. ఎవరూ మార్చుకోలేదు.

బాలమ్మ, కమలాబాయి ఇద్దరూ సీతాఫల్‌మండిలో ఒకే గల్లీలో ఉండేవారు. బాలమ్మ మొగుడు స్టేషన్‌లో పార్సిళ్లు మోసి మోసి నలభై ఏళ్లకే పోయాడు. ఒక కొడుకు. బోయిన్‌పల్లిలో లారీలకు రంగులేస్తాడు, పండగకొకసారి వచ్చి తిని పోతాడు. ఆడవాళ్లిద్దరూ పొద్దున ఆరున్నరకి కలిసి నడిచి వచ్చేవారు, సాయంత్రం కలిసి పోయేవారు. బాలమ్మ దారి పొడుగునా మాట్లాడేది. కమలాబాయి ఊకొట్టేది. మాట తక్కువ మనిషి. బ్లీచింగ్ నీళ్లకు ఆమె వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి, చలికాలం పగిలి ఉండేవి.

ఆ ఏడు మార్చిలో వారాసిగూడ నుంచి ఒక ఆటో అతని భార్యకు కాన్పయింది. మగపిల్లవాడు. బాలమ్మ వంద అడిగింది. అతను ముప్ఫై ఇచ్చాడు. ఈమె మూట తెరవలేదు. అతను పక్క బెంచీ మీదున్నవాళ్ల దగ్గర డెబ్భై చేబదులు తీసుకుని ఇచ్చి, బిడ్డను చూసి, పోతూ పోతూ నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరమ్మ గదిలోకి వెళ్లి ఏడ్చాడు. అది తప్పే. బాలమ్మ చేసింది తప్పు. ఆ సంగతి ఆమెతోనే అన్నాను. "నువ్వు జెప్పకు, నాకు తెల్సు" అంది. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

కానీ డాక్టరమ్మకు ఆ ఆటో అతని ఏడుపు బాగా పట్టింది. అదే నెలలో కొత్త మేనేజర్ని పెట్టింది. జ్ఞానశేఖర్ గారు. రైల్వే అకౌంట్స్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, తమ చర్చిలో పెద్ద. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట, ఎవరినీ తిట్టడు. వచ్చిన వారానికే మా కౌంటరు మీద తాళం వేసిన చెక్క పెట్టె పెట్టించాడు, దాని పైన గోడకి బోర్డు. 'ఆయాలకు డబ్బులు ఇవ్వరాదు. సంతోషంతో ఇవ్వదలచినవారు ఈ పెట్టెలో వేయగలరు.'

అందరినీ పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు.

"చూడండమ్మా, ఇకమీదట ఎవరూ ఎవర్నీ అడుక్కోనక్కర్లేదు. మా చర్చిలో కానుకలన్నీ ఒక పళ్లెంలో వేస్తాం, కమిటీ పంచుతుంది. ఎవరికీ తగాదా లేదు. ఇక్కడా అంతే. శనివారం శనివారం కవర్లలో పెట్టి ఇస్తాను, సంతకం పెట్టి తీసుకోండి."

తర్వాత కాగితం చదివాడు. నూటికి ముప్ఫై మేనేజరుకి. ఇరవై హెడ్ నర్సు మేబెల్ సిస్టర్‌కి. పది కౌంటరుకి, అంటే నాకు. ఆయాలిద్దరికీ చెరి పదిహేను. రాములుకి పది.

బాలమ్మ వేళ్లు ముడిచి లెక్కేసుకుంది. "కమలాబాయి ఏది సార్?"

"ఆవిడ మన స్టాఫ్ కాదు కదమ్మా. బట్టకింతని కాంట్రాక్టు."

"మరి మీకెందుకు సార్ ముప్పై?"

రాములు నేల చూశాడు. జ్ఞానశేఖర్ గారికి కోపం రాలేదు. నిజంగానే ఓపిగ్గా చెప్పాడు.

"బాలమ్మా, కరెంటు పోతే జనరేటర్‌లో డీజిల్ ఉండాలా వద్దా? ఆక్సిజన్ సిలిండర్ టయానికి రావాలా వద్దా? అదంతా ఎవరు చూస్తున్నారు? చేతులతో చేసిందే సేవా? వాళ్లు సంతోషపడి ఇచ్చేది ఆస్పత్రి మొత్తానికి."

"గా డీజిలు బిల్లుల రాస్తరు గద సార్. సదాశివ రాస్తడు, నేను జూసిన. నా ఖుషీ బిల్లుల లేదు" అంది బాలమ్మ, నావైపు చేయి చూపించి.

"అందుకే పెట్టె పెట్టాం" అన్నాడాయన, ఏదో తేలిపోయినట్టు.

నేను లేచి కౌంటరుకి వెళ్లాను. నాకు పది వస్తోంది కదా. మొదటి శనివారం నా కవర్లో నూట పదిహేను రూపాయలున్నాయి. కౌంటర్లో కూర్చుని బిల్లులు కొట్టినందుకు ఎవరు సంతోషపడి ఇచ్చారో నాకు తెలియదు. సంతకం పెట్టి తీసుకున్నాను. ఆ సాయంత్రం బిర్యానీ తిన్నాను.

బోర్డు పెట్టినంత మాత్రాన పాత అలవాటు పోదు. చదువుకున్నవాళ్లు పెట్టెలో వేసేవారు. ముసలివాళ్లు మాత్రం బిడ్డను చూడగానే చేయి నడుముకే పోయేది. గుడ్డలో నోటు దోపేవారు. వద్దంటే అశుభమనుకునేవారు. ఆ నోట్లు కూడా తెచ్చి పెట్టెలోనే వేయాలని జ్ఞానశేఖర్ గారి ఆర్డరు. బాలమ్మ వేసేది. నేను చూస్తుండగానే వేసేది, నావైపు తిరిగి, "జూసినవా, ఏసిన" అని మరీ వేసేది.

ఏప్రిల్‌లో ఒకరోజు బీరువా తాళాల కోసం వెనక షెడ్డుకి వెళ్లాను. కమలాబాయి మాసిన బట్టల మూట విప్పి, ఒక్కో గుడ్డా దులిపి, తొట్టిలో పడేస్తోంది. ఒక గుడ్డ దులిపితే ఇరవై రూపాయల నోటు రాలింది. ఆమె దాన్ని ఒక చుట్టు చుట్టి నడుముకి దోపుకుంది. తలెత్తి నన్ను చూసింది. మళ్లీ తొట్టి వైపు తిరిగింది. నేనూ తాళాలు తీసుకుని వచ్చేశాను.

బాలమ్మను అడిగాను.

"ఏం జేసిన? నేను ముట్టలే" అంది. "బిడ్డ గుడ్డల పెట్టిన్రు. గుడ్డ మాసింది, ఇడిసి మూటలేసిన. మూట ఉతికేదానికి పోయింది. దానికి దొరికింది. నా చేతికి అంటలే."

"సారుకు తెలిస్తే?"

"నాలుగు నోట్లల్ల ఒకటే ఇడుస్త. కడమయి పెట్టెల ఏస్తున్న గద. దాని వాటా దానికి పోవాలె. పోనియ్యను అంటే ఎట్ల?" మళ్లీ తనే, "నీకు పది వస్తున్నయి గద కొడుకా, నువ్వు గమ్మునుండు" అంది.

గమ్మునే ఉన్నాను. దాదాపు రెండు నెలలు అలా సాగింది. కమలాబాయికి అందేది అంతకుముందు దానిలో సగం కూడా కాదు. అయినా ఏదో ఒకటి అందేది. సాయంత్రాలు ఇద్దరూ కలిసే వెళ్లేవారు.

జూన్ మొదటి వారంలో రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఉన్న వీరయ్య గారి కోడలికి కాన్పయింది. ముగ్గురు ఆడపిల్లల తర్వాత మగపిల్లవాడు. వీరయ్య భార్య ముందే ఒక గుడ్డ తెచ్చి కాన్పు గదిలో ఇచ్చింది. తొంభై రెండేళ్లు బతికిన వీరయ్య తండ్రిది, పాత పంచె ముక్క. దీర్ఘాయుష్షు ఉన్నవాళ్ల పాత బట్టలో బిడ్డను మొదట చుడితే ఆ ఆయుష్షు వస్తుందని వాళ్ల నమ్మకం. ఇలాంటి గుడ్డలు చాలామంది తెచ్చేవారు. వాడాక మడిచి ఇంటివాళ్లకే తిరిగి ఇచ్చేయాలి. వాళ్లు దాన్ని పసుపు నీళ్లలో ఉతికి దాచుకుంటారు. అందుకే బాలమ్మ ఎప్పుడూ బిడ్డ గుడ్డ మార్చేముందు కేకేసి అడిగేది, "గీ గుడ్డ మనదా, వాళ్లదా?" అని.

ఆ రోజు గంటన్నరలో మూడు కాన్పులు. అడగలేదు. ఇరవై రెండేళ్లలో ఆ ఒక్కరోజే అడగలేదని తర్వాత తనే అంది.

వరండాలో వీరయ్య మూటలోకి వంగి మనవణ్ణి చూసి, కళ్లు తుడుచుకుని, అయిదు వందల నోటు మడిచి గుడ్డలో దోపాడు. బెంచీల మీదివాళ్లంతా చూశారు. బాలమ్మ దీవించి లోపలికి తీసుకెళ్లింది. మర్నాడు నాతో చెప్పింది, ఆ నోటు పెట్టెలో వెయ్యబుద్ధి కాలేదని. రెండు నెలలుగా కమలాబాయికి చిల్లర నోట్లే పోయాయి, ఇది దానిదే అనుకుందట. నోటును గుడ్డ పొరలోకి లోతుగా తోసి, గుడ్డ మార్చి, మాసిన మూటలో పడేసింది. తెల్లగుడ్డే కదా, మన ఆస్పత్రిదే అనుకుంది.

మూట కట్టింది సువార్త. అంచున సన్నటి గీత చూసి, ఇది ఇంటివాళ్ల పంచె కదా అని పైకి తీసి, మడిచి, వీరయ్య భార్యకు ఇచ్చేసింది. ఆమె చేసింది సరైన పనే.

మూడో రోజుకి బిడ్డ ఒళ్లు పసుపెక్కింది. కామెర్లు. నూటికి యాభై మంది పిల్లలకు వస్తాయి, నీలం లైటు కింద నాలుగు రోజులు పెడితే పోతాయి. డాక్టరమ్మ చెప్పింది, మేబెల్ సిస్టర్ చెప్పింది. అదే రోజు ఇంట్లో వీరయ్య భార్య పసుపు నీళ్లు కలిపి పంచె విప్పింది. నోటు బయటపడింది.

మధ్యాహ్నం మూడింటికి మొగుడూ పెళ్లాలిద్దరూ కౌంటరు దగ్గరికి వచ్చారు. వీరయ్య చేతిలో ఆ నోటు. అరవలేదు. ఆ మనిషి భయపడి ఉన్నాడు.

"ఆ ఆయమ్మను పిలువు బాబూ."

బాలమ్మ వచ్చింది. నోటు చూసింది. ఒక్క క్షణంలో ఆమెకంతా అర్థమైందని నాకు తెలిసిపోయింది.

"ఎందుకు వాపస్ జేసినవమ్మా?" అన్నాడు వీరయ్య. "తక్కువయిందా? తక్కువైతే అడగాలె గద. పసివాని దీవెన పైసలు తిరిగి ఇంటికి పంపుతరా?"

"లే సేటు, నేను వాపస్ జెయ్యలే. మర్చిపోయిన. తొందర్ల గుడ్డ మార్చిన, అండ్లనే ఉండిపోయింది."

"మర్చిపోతరా అయిదు నూర్లు?" అంది వీరయ్య భార్య. "పిలగాడు పచ్చవడ్డడు అక్కడ."

"పిలగానికేం గాదమ్మా. లైటు కింద పెట్టిన్రు, నాలుగొద్దుల్ల తెల్లగైతడు. నా మాట ఇనున్రి. నేను కావాలని జెయ్యలే."

వీరయ్య నోటు చాచాడు. "సరే. మర్చిపోయినవంటే మర్చిపోయినవ్. ఇప్పుడు తీస్కో. నీ చేత్తోని తీస్కొని పిలగాని దగ్గరికి పోయి ఒక మాట అనిరా."

బాలమ్మ చేయి సగం లేచింది. ఆ చేయి నోటందుకుని ఉంటే అక్కడితో అయిపోయేది. కానీ మాటలు విని జ్ఞానశేఖర్ గారు గదిలోంచి వచ్చాడు. బోర్డు చూపించి, పెట్టెలో వెయ్యండి సార్, చేతికివ్వడం మా రూలు కాదు అన్నాడు.

"డబ్బకు దీవిచ్చుడు వస్తదా సార్?" అంది వీరయ్య భార్య.

బెంచీ మీద ఎవరో నవ్వారు. జ్ఞానశేఖర్ గారు నవ్వలేదు. బాలమ్మ వైపు తిరిగాడు.

"గుడ్డలో పెట్టిన డబ్బు వెంటనే పెట్టెలో వెయ్యమని చెప్పానా లేదా? అయిదు వందలు మర్చిపోయావంటే నమ్మమంటావా? ఇలా ఎన్నిసార్లు మర్చిపోయావు?"

"ఒక్కసారే సార్."

అప్పుడు నేను నోరు తెరిచాను. ఎవరూ నన్నడగలేదు. బాలమ్మ తల వంచుకుని అబద్ధం చెప్పడం చూడలేకపోయాను. నేను న్యాయం మాట్లాడుతున్నాననుకున్నాను.

"మర్చిపోవుడు కాదు సార్. అది కమలాబాయి వాటా. మీరు కాగితంలో కొట్టేసింది, ఈమె గుడ్డల్లో పంపిస్తోంది. పంచుకోవడంలో న్యాయముంటే ఈమెకా పనెందుకు? మీ ముప్ఫై తీసి ఆమెకివ్వండి, రేపట్నుంచి ఎవరూ ఏమీ మర్చిపోరు."

గట్టిగానే అన్నాను. బెంచీల మీద అందరూ విన్నారు. జ్ఞానశేఖర్ గారి మొహం ఎర్రబడుతుందని చూశాను. ఆయన మామూలుగానే ఉన్నాడు. మారింది వీరయ్య భార్య మొహం.

"ఉతికేదానికా?" అంది. "మా మామ పంచెల, నా మనవని దీవెన పైసలు, మైల బట్టల మూటల ఏసి పంపినవా?"

బాలమ్మ పైకి లేచిన చేయి దించేసింది.

వీరయ్య చేయి వెనక్కి తీసుకున్నాడు. నోటును రెండు మడతలు పెట్టి, చెక్క పెట్టె సందులో వేశాడు. ఇద్దరూ పిల్లవాడున్న గదివైపు వెళ్లిపోయారు.

సాయంత్రం డాక్టరమ్మ గదిలో పంచాయితీ. నన్ను పిలవలేదు. కమలాబాయి కాంట్రాక్టు ఆ రోజుతో ఆపేశారు. బాలమ్మను తీసేద్దామని జ్ఞానశేఖర్ గారు అన్నాడట, ఇరవై రెండేళ్ల మనిషి అని డాక్టరమ్మ ఒప్పుకోలేదట. జీతం అదే. ఇక పరదా దాటి బిడ్డను బయటికి తేకూడదు. వెనక షెడ్డులో బట్టలుతకాలి.

మెట్ల దగ్గర ఆమె కోసం నిలబడ్డాను.

"నేను నిజమే చెప్పిన గదా" అన్నాను.

"నిజమే జెప్పినవ్."

"సారు అడిగిండు గదా మరి."

"సారు అడిగింది నన్ను." చెప్పులేసుకుంటూ అంది. "నేను అబద్ధమాడుతుంటి. నువ్వెందుకు నడుమల వడ్డవ్? అబద్ధంతోని రెండు నెలలు వెళ్తుండె. నీ నిజంతోని రెండు నిమిషాలు వెళ్లలే."

గేటు దగ్గర కమలాబాయి తన గిన్నె, పాత చీర సంచిలో పెట్టుకుని ఉంది. బాలమ్మ దగ్గరికి వెళ్లేలోపే రోడ్డు దాటేసింది. తర్వాత ఎప్పుడూ వాళ్లిద్దరూ కలిసి నడవడం చూడలేదు. సీతాఫల్‌మండిలో ఎవరి ఇళ్లలోనో అంట్లు తోముతోందని రాములు చెప్పాడు. బాలమ్మ రెండుసార్లు ఇంటికి వెళ్తే తలుపు తీసింది కానీ కూర్చోమనలేదట.

వీరయ్య మనవడు నాలుగో రోజుకి తెల్లబడ్డాడు. ఇంటివాళ్లు వాణ్ణి ఎత్తుకుని, మిఠాయి డబ్బాలు పంచి, ఆటోలెక్కి వెళ్లిపోయారు. మా కౌంటరుకీ ఒక డబ్బా ఇచ్చారు.

ఆ శనివారం నాలుగింటికి జ్ఞానశేఖర్ గారు తన గదిలో కవర్లు పంచాడు. పేరు పిలవడం, సంతకం పెట్టించడం. మేబెల్ సిస్టర్. సువార్త. రాములు. నేను. నా కవరు కొంచెం బరువుగా ఉన్నట్టనిపించింది. గుమ్మం దగ్గర బాలమ్మ నిలబడి ఉంది. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, మోచేతుల దాకా తడితో. లిస్టు అయిపోయింది. అందరూ కదిలారు. ఆమె కదలలేదు.

"ఏంటి బాలమ్మా?"

"నా పేరు రాలే సార్."

"నీకు తెలుసు కదమ్మా. బట్టలుతికేవాళ్లకి ఇందులో వాటా లేదు."

"ఎందుకు లేదు సార్?"

ఆయన పెన్ను మూత పెట్టాడు. "వాళ్లు పేషెంట్ల ముందుకి రారు. జనం చూసిన మనుషులకే కదమ్మా సంతోషపడి ఇచ్చేది."

"మిమ్మల్ని సుత చూడరు గద సార్. మీరు గీ రూములనే ఉంటరు."

సువార్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జ్ఞానశేఖర్ గారు కాగితాన్ని ఫైల్లో పెట్టి, ఫైలు సొరుగులో పెట్టి, "వెళ్లి పని చూసుకో అమ్మా" అన్నాడు. మెత్తగానే అన్నాడు.

"పోత. మీ నోటితోని ఇందామని నిలవడ్డ" అని ఆమె వెళ్లిపోయింది.

బయటికొచ్చి నా కవరు విప్పాను. నూట ఎనభై చిల్లర. రాములుని అడిగాను. బాలమ్మ పదిహేనును కొత్త కాగితంలో మూడు ముక్కలు చేశారట. ఐదు సువార్తకు, ఐదు రాములుకు, ఐదు నాకు. నేను చూడకుండానే సంతకం పెట్టాను.

ఆ ఐదు పాళ్లు విడిగా తీసి వెనక షెడ్డుకి వెళ్లాను. బాలమ్మ తొట్టి ముందు గొంతుకూర్చుని ఉంది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. వారం రోజులకే ఆమె వేళ్ల చివర్లు పాలిపోయాయి. డబ్బు తొట్టి పక్క రాయి మీద పెట్టబోయాను.

"గాడ పెట్టకు. తడుస్తది."

"మరి ఎక్కడ పెట్టాలి?"

"నీ జేబుల పెట్టుకో. సంతకం జేసి తెచ్చుకున్నవ్ గదా."

"ఇది నీదే బాలమ్మా."

"నాదైతే నన్ను పేరు వెట్టి పిలిచి ఇస్తరు." గుడ్డను పైకెత్తి, దులిపి చూసి, మళ్లీ నీళ్లలో ముంచింది. "జెర పక్కకు జరుగు, వెలుగుకు అడ్డమున్నవ్."

జరిగాను. ఆమె తలెత్తలేదు. డబ్బు జేబులో పెట్టుకుని కౌంటరుకొచ్చాను. డిశ్చార్జి బిల్లు కోసం ఇద్దరు నిలబడి ఉన్నారు.